లేవనివ్వకూడని మనిషి

మా ఊళ్ళో నా గురించి ఒక కథ తిరుగుతూ ఉంటుంది. శంషాబాద్ దవాఖానలో నేను క్వింటాల్ బరువున్న మనిషిని ఒంటిచేత్తో నూకి నేలకేసి కొట్టానని, అతని కొడుకులూ చుట్టాలూ కలిపి ఇరవై మంది మీద పడితే సెలైన్ స్టాండు గిరగిరా తిప్పి అందర్నీ మెట్ల దాకా తరిమానని, చివరికి పోలీసులే వచ్చి "ఇగ ఆపు బాపూ, సస్తరు" అని నన్ను బతిమాలారని. ఈ కథను ఊళ్ళోకి తెచ్చినవాణ్ణి నేనే. ఆరేళ్ళుగా దాన్ని మేపుతున్నాను. చెప్పినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు జనం పెరుగుతూ వచ్చారు.

ఇప్పుడు కొంచెం కొంచెం దించుతాను. ఆ మనిషి క్వింటాల్ లేడు, అరవై ఎనిమిది కిలోలు. కేస్ షీటులో ఆ అంకె వేసింది నా చెయ్యే. నా మీద పడ్డది ఇరవై మంది కాదు, ఇద్దరు. సెలైన్ స్టాండు మాట నిజమే, కాకపోతే అది తిరిగింది నా చేతిలో కాదు, నా వీపు మీద. పోలీసాయన ఒక్కడే వచ్చాడు. నన్ను బతిమాలలేదు, తాగడానికి మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు.

ఇక నూకడం సంగతి. అది ఆఖరున దించాల్సిన మూట. దాని అడుగున ఒక చిన్న తెల్ల గోలీ ఉంది.

నేను మగ నర్సుని. ప్రభుత్వ దవాఖానల్లో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చోలేక శంషాబాద్ పాత రోడ్డు మీద ఒక ఇరవై పడకల ప్రైవేటు దవాఖానలో చేరాను. మా వైపు మగవాడు నర్సంటే నమ్మరు గనక కంపౌండర్ అంటారు. డాక్టర్ సాబ్ అని పిలిచినవాళ్ళని కూడా నేను సరిదిద్దేవాణ్ణి కాదు. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు మా దగ్గరికి వచ్చేవారు. విమానం దిగే సమయంలో బీపీ చూడకూడదని మాకొక అలవాటు. ఆ మోతకి స్టెతస్కోపులో గుండె చప్పుడు వినపడదు. చేతికి పట్టీ చుట్టి, పేషెంటూ మేమూ ఇద్దరం పైకి చూస్తూ అది పోయేదాకా ఆగేవాళ్ళం.

మా హెడ్ సిస్టర్‌ది రాజమండ్రి వైపు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, చదువులో నాకన్నా నలభై ఏళ్ళు పెద్దది. నన్ను "మీరు" అనే పిలిచేది. ఆ "మీరు"తోనే నిలబెట్టి కడిగేది.

ఇక ఆ అన్నదమ్ములు. ఊరు కందుకూరు దారిలో ఉంటుంది. అన్నకు అరవై అయిదు, తమ్ముడికి యాభై ఎనిమిది. బోనాలప్పుడు పోచమ్మకు వాళ్ళ పాలోళ్ళు, అంటే దాయాదులందరూ కలిసి ఒక యాటను, గొర్రెపోతును, కోస్తారు. మాంసాన్ని తాటాకు చాప మీద ఇంటికొక పోగు చొప్పున పెడతారు. తలకాయ మాత్రం పోగుల్లోకి రాదు. అది ఇంటి పెద్దవాడిది. తాతల నాటి నుంచీ అంతే.

ఆ ఏడాది చిక్కు ఎక్కడొచ్చిందంటే, అన్న మూడేళ్ళ కిందటే ఊరు వదిలి హిమాయత్ సాగర్ వైపు కొడుకు కొన్న ఫ్లాటుకు పోయాడు. బోనం ఎత్తేటప్పుడు రాలేదు, యాటను కోసేటప్పుడు రాలేదు. పోగులు పెట్టాక కారు దిగాడు. దిగి, ఎవరినీ అడగకుండా తలకాయ తీసి సంచిలో వేసుకున్నాడు.

నేనక్కడ లేను. అయినా ఉన్నట్టే చెబుతాను, ఎందుకంటే ఇద్దరి నోటా విన్నాను.

"అన్నా, తలకాయ పెట్టు. పిల్లప్పటి సంది కుడితి పోసి సాదింది నేను."

"సాదుతే? నేను సచ్చినంక తీస్కో తలకాయ."

"ఊరిడిసిపెట్టి పోయినోనికి పెద్దరికమేంది?"

తమ్ముడు సంచి పట్టుకున్నాడు. అన్న వదల్లేదు. సంచి చినిగింది, తలకాయ దుమ్ములో దొర్లింది. తమ్ముడు దాన్ని అందుకోవడానికి వంగాడు. అన్న పొయ్యిలోంచి మండుతున్న తుమ్మ కట్టె లాగి, వంగిన తల మీద వేశాడు. నిప్పురవ్వలు మాంసం పోగుల మీద రాలాయట. తమ్ముడు నుదుటి మీంచి రక్తం కారుతుండగానే లేచి అన్నను గుండెల మీద తన్నాడు. తర్వాత రెండిళ్ళ ఆడవాళ్ళూ జుట్లు పట్టుకున్నారు. యాట తలకాయను ఈ గొడవలో ఎవరు తీశారో, అన్న కారులోనే పోయింది.

తమ్ముణ్ణి కొడుకులిద్దరూ బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని మా దవాఖానకు తెచ్చారు. ఇద్దరూ కాటేదాన్‌లో ఇనుము కోసే షెడ్డులో పని చేసేవారు. వాళ్ళ చేతులు కూడా ఆ ఇనుముతోనే చేసినట్టుండేవి. నుదుటికి తొమ్మిది కుట్లు పడ్డాయి. స్కానింగులో లోపల రక్తమేమీ లేదు. కానీ బీపీ చూస్తే పైది రెండు వందల ఇరవై. ఎప్పటి నుంచో ఉందట, ఎన్నడూ చూపించుకోలేదు. కిడ్నీలు అప్పటికే కొంత దెబ్బతిన్నాయి గనక కొన్ని మందులు అతనికి పడవు. వేసిన మందులతో రెండు రోజుల్లో నూట తొంభైకి దిగి అక్కడే మొండికేసింది.

మూడో రోజు పొద్దున డాక్టర్ ఇంకో గోలీ రాశాడు. ప్రజోసిన్. రక్తనాళాలను వెడల్పు చేసే మందు. మామూలుగా మొదటి గోలీ పడుకోబోయే ముందు వేస్తారు, కానీ అంత ప్రెషరుతో పొద్దుగూకేదాకా ఆగడం ఎందుకని వెంటనే వేయమన్నాడు. సిస్టర్ నన్ను మందుల గదిలోకి పిలిచింది.

"ఈ మాత్ర సంగతి మీకు తెలుసు కదండీ?"

"నాకు తెల్వనిదేముంది సిస్టర్. ముప్పై మూడేండ్లు."

"అయినా చెబుతాను. నాళాల గోడలు బిగుసుకుని ఉన్నాయి. ఇది వాటిని వదులు చేస్తుంది. పడుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. లేచాడా, రక్తమంతా కాళ్ళలోకి జారిపోతుంది, తలకు అందదు. మొదటి మాత్రకే ఈ ప్రమాదం ఎక్కువ. మూడు గంటలు మంచం దిగకూడదు. ఒంటేలుకి కూడా బెడ్‌పాన్ మంచం దగ్గరికే తీసుకెళ్ళండి. ఆ తర్వాత కూడా ముందు కూర్చోబెట్టి, కాళ్ళు వేలాడదీయించి, పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడాలి. మీరు చెప్పడం కాదు, అతని చేత తిరిగి చెప్పించుకోండి."

ఇదంతా నాకు నిజంగానే తెలుసు. దీన్ని నేను రైతులకు ఇంకోలా చెప్పేవాణ్ణి. సన్న పైపులో బోరు నీళ్ళు తన్నుకుని వస్తాయి. అదే పైపును కాలువంత వెడల్పు చేస్తే నీళ్ళు నిమ్మళంగా పారతాయి, కానీ మిట్ట మీది మడికి ఎక్కవు. మనిషి నిలబడ్డాడంటే తలే మిట్ట మీది మడి. ఎంత చక్కటి మాట! ఆ రోజు అతనికి చెప్పి ఉంటే ఇంకా చక్కగా ఉండేది.

పదకొండు గంటలకు గోలీ చేతిలో పెట్టి నేనన్నది ఇంతే. "మింగి పండుకో."

"ఎందుకు?" అన్నాడు.

"కంపౌండర్ చెప్పిండని."

అతను నవ్వి మింగాడు. నేను గేటు ముందున్న టీ బండి దగ్గరికి పోయాను. అక్కడ వాచ్‌మన్‌కు నేను వయసులో ఉన్నప్పుడు పిచ్చెక్కిన ఎద్దును కొమ్ములు పట్టి నిలేసిన కథ సగంలో ఉంది. ఆ ఎద్దు కూడా అబద్ధమే. మధ్యలో సిస్టర్ కిటికీలోంచి అడిగింది.

"చెప్పారా?"

"చెప్పిన సిస్టర్. మూడుమాట్ల చెప్పిన."

"తిరిగి చెప్పించుకున్నారా?"

"బరాబర్."

పన్నెండు దాటాక అన్న వచ్చాడు. ఒక్కడే. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. నన్ను వార్డు ఎక్కడని అడిగితే నేనే పైకి తీసుకుపోయాను. ఏం తెచ్చావంటే, తల తిప్పుకుని, "తలకాయ కూర. ఫ్రిజ్జుల పెట్టి ఉంచిన. వాడే తినాలె గద" అన్నాడు. బీపీ ఉన్నవాడికి ఆ ఉప్పూ కారం విషమని చెప్పాలి. చెప్పలేదు. ఇద్దరూ కలిస్తే ఏమవుతుందో చూడాలన్న కుతూహలం నాది. ఒట్టు, ఆ కుతూహలమే తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

కొడుకులిద్దరూ వరండా చివర ఫోనులో ఏదో చూస్తున్నారు. అన్న వార్డు గుమ్మంలో ఆగాడు. నేను అతని వెనక, చేతిలో టీ గ్లాసుతో.

తమ్ముడు అన్నను చూశాడు. ఆ వైపు ఊళ్ళలో ఇంటి పెద్ద ఎదురుగా తమ్ముడన్నవాడు మంచం మీద ఉండడు. కొట్లాట ఉంటే ఉండనీ, మాటలు లేకపోతే పోనీ. చుట్ట తాగుతుంటే పారేస్తాడు, కూర్చుంటే లేస్తాడు. అది ఆలోచించి చేసేది కాదు, ఒళ్ళే చేసేస్తుంది. నేనూ ఆ మట్టిలోనే పుట్టాను, నా అన్న దగ్గర నేనూ అంతే. రాజమండ్రి సిస్టర్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. గోలీ మింగి గంట దాటిన మనిషి గదిలోకి అతని అన్నను వెంటబెట్టుకుని పోయినవాణ్ణి నేనే.

అతను ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ తువ్వాలు తీయడం నేను చూశాను. కొట్టడానికి లేచినవాడు తువ్వాలు తీసి చేత పట్టుకోడు. "అన్నా" అనబోయాడు. మొహంలో రంగు పోయింది, కళ్ళు పైకి తిరిగాయి, మొదలు నరికిన జొన్న కర్రలా పడ్డాడు. నుదురు పోయి ఇనుప బీరువా మూలకు తగిలింది. కుట్లు పట్‌మని తెగాయి. ఆ చప్పుడు విన్నాను. విన్నానో లేదో గానీ ఇప్పటికీ వినపడుతుంది.

ఆ మోతకు కొడుకులు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళకు కనిపించింది ఇది. తండ్రి నేల మీద, నెత్తురులో. పెదనాయన అతని మీదికి వంగి ఉన్నాడు.

"మల్ల కొట్టిండ్రా! మంచంల ఉన్నోన్ని కొట్టిండు!"

పెద్దకొడుకు పెదనాయన గొంతు పట్టి గోడకు గుద్దాడు. తల రెండుసార్లు గోడకు తగిలింది. టిఫిన్ డబ్బా ఎగిరి పడి మూత ఊడింది. ఎర్రటి చారు గచ్చు మీద పారి తమ్ముడి రక్తంలో కలిసింది, ఏది ఏదో తెలియలేదు. చిన్నకొడుకు ఇనుప స్టూలు ఎత్తాడు. ముసలాయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన కంది కట్టె విరిగినట్టు ఫెళ్ళుమంది. ఆ చెయ్యి మోచేతి కింద, కీలు లేని చోట వంగింది. ఆయన అరవలేదు. తిరిగి ఒక్క దెబ్బ వేయలేదు.

"నన్ను తర్వాత కొట్టుండ్రి బిడ్డా. ముందుగాల వాన్ని సూడుండ్రి," అంటున్నాడు, "వాన్ని సూడుండ్రి."

స్టూలు రెండోసారి లేచింది. ఈసారి అది తల మీదికే. అప్పుడే నేను అరిచాను.

"నేను నూకిన! ఆయన కాదు, నేనే నూకిన!"

ఊళ్ళో చెప్పేటప్పుడు ఇక్కడ నేను పులిలా గర్జిస్తాను. అసలు వచ్చింది కోడిపెట్ట గొంతు. కానీ స్టూలు ఆగింది. రెండు మొహాలూ నా వైపు తిరిగాయి. మరుక్షణం సెలైన్ స్టాండు నా వీపు మీద పడింది, టీ గ్లాసు చేతిలోనే పగిలింది. కింద పడ్డాక డొక్కల్లో తన్నారు. "ముసలి లంగా, మా బాపును నూకుతవారా" అంటూ ఒకడు, మాటలేమీ లేకుండా ఒకడు. మాటల్లేనివాడి కాలే గట్టిది.

నేల మీద పడి చూస్తుంటే మంచం కింద నుంచి హెడ్ సిస్టర్ కనిపించింది. ఎప్పుడొచ్చిందో, ఆ రక్తంలో మోకాళ్ళ మీద కూర్చుని తమ్ముడి కాళ్ళు రెండూ ఎత్తి తన భుజాల మీద పెట్టుకుంది. ఒక చేత్తో నాడి పట్టుకుని కేకలేస్తోంది.

"కొట్టుకోవడం బయట కొట్టుకోండి! ఇక్కడ ఎవరైనా ఈ కాళ్ళు పట్టుకోండి! మీ నాన్న పోతున్నాడు!"

ఆ మాటకు నన్ను తన్నే కాళ్ళు ఆగాయి. కొడుకులిద్దరూ చెరో కాలు పట్టుకున్నారు. బీపీ పైది డెబ్భై. విమానమొకటి నెత్తి మీంచి దిగింది. సిస్టర్ మళ్ళీ చూసింది, ఈసారి అసలేమీ వినపడలేదని చెప్పింది. సెలైన్ పెట్టారు. అరగంటకు కళ్ళు తెరిచాడు, కానీ మాట మత్తుగా ఉంది.

ఇంతవరకు నాకు పెద్ద తప్పు కనపడదు. ఒక ముసలాయన నెత్తి పగలబోతుంటే ఒక అబద్ధమాడి ఆపాను. ఇదే కథగా ముగిసి ఉంటే నేనేమీ దించాల్సిన పని లేదు. అసలు తప్పు తర్వాత చేశాను.

డ్యూటీ డాక్టర్ వచ్చి ఏమైందని అడిగాడు. కొడుకులు దూరంగా ఉన్నారు, స్టూలు మూలన పడి ఉంది, భయపడాల్సిందేమీ లేదు. "అన్నను చూడగానే కొట్టనీకి లేచిండు సార్. నేను అడ్డంపోయి నూకిన, పడ్డడు," అన్నాను. ఎందుకన్నాను? సిస్టర్ అక్కడే నిలబడి ఉంది. గోలీ వేసి చెప్పాల్సింది చెప్పకుండా టీకి పోయినవాడికన్నా, కొట్లాటలో అడ్డంపోయి నూకినవాడు మనిషిలా కనిపిస్తాడు. అంతే. డాక్టర్ అదే రాసుకున్నాడు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి నేను దవాఖానలో పెద్ద మనిషినయ్యాను. వాచ్‌మన్ నా వీపుకు మందు రాశాడు. దవాఖాన యజమాని భుజం తట్టబోయి, నేను మూలిగితే చెయ్యి తీసేశాడు. కింద ఎముకల డాక్టర్ గదిలో అన్న చేతికి పట్టీ వేస్తున్నారు. పోలీసాయన చెయ్యెలా విరిగిందని అడిగితే, "మెట్ల మీద పడ్డ సార్" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగినా అదే మాట. నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆ ముసలాయన కుడిచెయ్యి నా చేతి మీద పెట్టాడు. నేను నూకలేదని కళ్ళారా చూసినవాడు ఆయనే, కానీ ఆ సంగతి ఎత్తలేదు.

"నిజంగనే వాడు నన్ను కొట్టనీకే లేసిండా?"

నేను తల ఊపాను.

ఆయన చెయ్యి తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు. విరిగిన చెయ్యి కన్నా ఆ ఊపే ఎక్కువ నొప్పెట్టిందని నాకు తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

నాలుగింటికి తమ్ముడి బీపీ మళ్ళీ నూట తొంభై అయిదు. డాక్టర్ కేస్ షీటు చూశాడు. నూకడం వల్ల పడ్డాడు, తలకు దెబ్బ తగిలి బీపీ పడిపోయి ఉంటుంది, లోపల రక్తం కారుతోందేమో, సిటీలో పెద్ద దవాఖానకు పంపాలి. పొద్దున వేసిన గోలీ ఏమీ పని చేసినట్టు లేదు, బీపీ ఎక్కడున్నది అక్కడే ఉంది. కాబట్టి రెట్టింపు వేసి, కుర్చీలో కూర్చోబెట్టి దింపి, తల పైకే ఉండాలి గనక అలాగే కూర్చోబెట్టి అంబులెన్సులో పంపండి. మా లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు, అందుకే కుర్చీ.

అతని లెక్కలో తప్పేమీ లేదు. నేనిచ్చిన అంకెతో ఎవరు చేసినా అదే వస్తుంది.

సిస్టర్ ప్లాస్టిక్ కప్పులో రెండు గోలీలు వేసి నాకిచ్చింది. ఇచ్చాక కూడా కప్పు వదల్లేదు.

"ఒక్కటి అడుగుతాను. మీరు తోస్తే వెల్లకిలా పడాలి కదండీ. నుదురు బీరువాకి ఎలా తగిలింది?"

"తిరిగి పడ్డడు సిస్టర్."

"నాడి నిమిషానికి నూట ముప్పై కొట్టుకుంది. తలకు దెబ్బ తగిలినవాడికి అలా ఉండదు."

"భయపడి ఉంటడు."

ఆమె కప్పు వదిలింది. నేను వార్డు వైపు నడిచాను. పది అడుగులుంటుంది. కుర్చీ సిద్ధంగా మంచం పక్కన ఉంది. చిన్నకొడుకు తండ్రిని లేపి కూర్చోబెట్టడానికి చంకల కింద చేతులు పెడుతున్నాడు. పొద్దున ఒక్క గోలీకే డెబ్భైకి పడినవాడు, ఇప్పుడు రెండు వేసి సిటీ దాకా కూర్చోబెడితే దారిలో ఆరాంఘర్ దాటకముందే పోతాడు. ఇది ఊహ కాదు, నా చదువు. నా నూకుడు కథ బతకాలంటే ఆ మనిషి చావాలి. అంత సూటిగా ఉంది లెక్క.

వీరుడిలా తిరిగొచ్చానని రాయాలని ఉంది. కానీ గోడ పట్టుకున్నాను. ఆ చిన్నకొడుకు నన్ను చూసి, "ఏంది తాతా, మల్ల నూకనీకి వచ్చినవా?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి మందుల గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

"సిస్టర్, నేను నూకలే."

"మరి?"

"ఎవ్వరు నూకలే. అన్నొచ్చిండని మర్యాదకు లేసిండు. పడ్డడు. లేవొద్దని నేను చెప్పలే. ఒక్కమాట గూడ చెప్పలే."

ఆమె చేతిలో స్టీలు ట్రే ఉంది. అది నా చెవి మీద పడ్డాకగానీ ఆమె విసిరిందని తెలియలేదు. సూదులూ దూదీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఆమె వాటి మీంచే తొక్కుకుంటూ పరుగెత్తింది. వార్డులోంచి కేక వినపడింది.

"లేపకండి! పడుకోబెట్టండి! ముందు పడుకోబెట్టండి!"

డాక్టర్ రాత మార్చాడు. రెండు గోలీలు కొట్టేసి, సగం గోలీ, అదీ మర్నాటికి అని రాశాడు. పేషెంటు మాట అప్పటికే తేటపడింది. అంబులెన్సు తిరిగి పోయింది. పని అయిపోయిందనుకుని నేను బట్టలు మార్చుకుంటుంటే సిస్టర్ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఎక్కడికి? పొద్దున చెప్పాల్సింది ఇప్పుడు చెప్పండి. మీ నోటితోనే. వాళ్ళు రేపు ఇంటికి తీసుకెళ్తారు. ఆ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఎందుకు పడ్డాడో తెలియకపోతే ఇంట్లో మళ్ళీ పడతాడు."

వార్డులో తమ్ముడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నుదుటికి కొత్త కట్టు. కొడుకులు చెరో వైపు. నేను బోరు, పైపు, మిట్ట మీది మడి, అన్నీ చెప్పాను. నేను చెప్పలేదన్నదీ చెప్పాను.

పెద్దకొడుకు నెమ్మదిగా అడిగాడు. "అంటే పెదనాయిన కొట్టలే?"

"కొట్టలే."

"నువ్వు నూకలే?"

"నూకలే."

"మరి మేమెందుకు కొట్టినం?"

చిన్నకొడుకు తన చేతుల వైపు చూసుకున్నాడు. చెల్లాచెదురైన ఇనుప ముక్కలు ఏరుకుంటున్నవాడిలా వేళ్ళు ముడుస్తున్నాడు, తెరుస్తున్నాడు.

"కంపౌండరూ," అన్నాడు తమ్ముడు పడుకునే, "గోలీ సంగతి ఇడిసిపెట్టు. మర్చినవ్, అయిపోయింది. నేను అన్నను కొట్టనీకి లేసిన్నని చెప్పినవా?"

"చెప్పిన."

"అన్నకు గూడ?"

"ఆయనకు గూడ."

"దగ్గరికి రా."

దగ్గరికి పోయాను. కాలర్ పట్టుకున్నాడు. గోలీ అతని నాళాలను వదులు చేసిందేమో గానీ పిడికిలిని చేయలేదు. మొదటి దెబ్బ దవడ మీద పడింది. నేను వెనక్కి గుంజుకున్నాను. నాతో పాటు అతని తల దిండు మీంచి లేవబోయింది.

"వెనక్కి లాగకండి!" సిస్టర్ అరిచింది. "అతని తల లేస్తోంది. మీరే వంగండి. ఇంకా వంగండి."

వంగాను. మంచం పట్టీ రెండు చేతులతో పట్టుకుని, మొహం అతనికి అందేంత కిందికి వంచి నిలబడ్డాను. కొట్టాడు. దవడ మీద, చెవి మీద, ట్రే తగిలిన చోటనే మళ్ళీ. ఇరవై దెబ్బలు కొట్టాడు. ఇరవై కాదు, ఏడు. ఒక్కొక్కదానికి "అన్నను కొట్టనీకి లేస్తనారా నేను?" అంటున్నాడు. కొడుకులు ఆపలేదు. సిస్టర్ అతని భుజం మీద అరచెయ్యి ఆనించి ఉంచింది, నా కోసం కాదు, లేవకుండా.

అప్పుడు తలుపు బయటి నుంచి గొంతు వినపడింది. చేతికి పట్టీతో అన్న వరండాలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో. గుమ్మంలోకి రాలేదు. వస్తే వాడు లేస్తాడు.

"తమ్మీ," అన్నాడు గోడ అవతల నుంచే. "నువ్వు లేవకు. నా చెయ్యి బాగ లేదు. నా పేరు మీద గూడ రెండెయ్యి."

తమ్ముడు "సరే అన్నా" అన్నాడు. రెండు వేశాడు. తల దిండు మీదనే ఉంది.